ఎల్లుండి రావాల్సిన ఆడపిల్ల

యెన్‌చావ్ ఊరి జామతోటల మధ్య ఇల్లు. తెల్లవారితే చాంద్రమాన కొత్త సంవత్సరం. ముందుగదిలో తల్లి గతించిన పెద్దల పీఠం దగ్గర అగరుబత్తులు వెలిగిస్తోంది. వంటింట్లో అక్కాతమ్ముళ్లు మాట్లాడుకుంటున్నారు.

"అక్కా, ఆడపిల్లలు పుట్టింటికొచ్చేది పండగ రెండో రోజు, ఎల్లుండి. ఈ పూట భోజనానికి కాదు."

"ఎల్లుండి వచ్చేవాళ్లు మొగుడింటి నుంచి వస్తారు. విడాకులైనదాన్ని, నేనెక్కడి నుంచి రావాలిరా?"

"ఈ రెండు రోజులు టౌన్లో గది తీసుకో. నువ్విక్కడ తింటే నా ఇంటికి మంచిది కాదు."

"నిరుడు తినలేదుగా. మరి తుఫాను నీ తోటని వదిలిందా?"

"పెద్దలు పెట్టిన ఆచారమే."

"ఆ పెద్దల ముందు పెట్టిన చేప వేయించిందెవరు? నిన్నంతా ముల్లంగి కేకులు ఆవిరి మీద ఉడికించిందెవరు? నా చేతికి లేని అరిష్టం నా నోటికొచ్చిందా?"

"గొంతు తగ్గించు. అమ్మ వింటుంది."

"విననీ. ఆ స్టూలు ఇటివ్వు."

"ఎందుకు?"

"గడప బయట కూర్చుని తింటాను. నీ అదృష్టం లోపలే భద్రంగా ఉంటుంది."

"ఊరంతా చూస్తుందక్కా."

"చూడనీ. ఇంకో స్టూలు కూడా ఇవ్వు."

"అదెవరికి?"

"వెనక్కి తిరిగి చూడు. అమ్మ తన గిన్నె పట్టుకుని వస్తోంది."