కోరలున్న బూజు

పరిశోధన చేసే అమ్మాయి గాజు గదిలో ఇరవై టమాటా కుండీల ముందు కూలబడింది. వెనకాల తోటమాలి నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడ్డాడు.

“బాబాయ్, ఇరవై మొక్కలూ పచ్చగా ఉన్నాయేంటి?”

“ఉంటే మంచిదేగా. ఏడుపు మొహం దేనికి?”

“ఎర్ర తాడు కట్టినవి ఈపాటికి మాడిపోవాలి. తెల్ల తాడు కట్టినవే బతకాలి. అన్నిటికీ బూజు పట్టించాను.”

“ఒకే బూజుకి రెండు బుద్ధులా?”

“రోగం తెచ్చే జన్యువు ఒకటుంది. తెల్ల తాడు వాటికి వేసిన బూజులో దాన్ని తీసేశాను. కోరలు పీకిన పాము అనుకో. ఎర్ర తాడు వాటికి వేసింది కోరలున్నదే. అదీ కరవలేదంటే నా మూడేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరే.”

“కరిచిందమ్మా. నువ్వు ఊరెళ్ళాక ఎర్ర తాడు వాటికే మచ్చలొచ్చాయి.”

“ఏవీ మరి?”

“పాపమనిపించి ఆ ఆకులు గిల్లేసి మందు కొట్టాను.”

“మందా! నా బాబే! అయితే నా బూజు మంచిదే!”

“తిడతావనుకున్నాను.”

“తిడతాను, ముందు నవ్వుకోనీ. మళ్ళీ పట్టిస్తున్నా. ఈసారి ముట్టుకోకు.”

“అయితే నాకు సెలవియ్యి. చూడలేను.”

“ఎన్నాళ్ళు?”

“వాటికి నయమయ్యేదాకా.”

“నయం కావు బాబాయ్. చావడమే వాటి పని.”

“అయితే సెలవు చీటీలో నాకే బూజు పట్టిందని రాసుకో. కోరలున్నదే.”