పేరుకు ఐదు మార్కులు

నారాయణఖేడ్ బస్సు డిపో ఎదుటి పుస్తకాల దుకాణంలో ఒక యువతి గైడు తిప్పి చూసి బల్ల మీద పడేసింది.

“కంప్యూటరుల పైథాన్ భాష నేర్చుకునే పుస్తకమియ్యి కాకా అంటే, గీ గైడు ఇస్తవేంది?”

“అందరు గిదే కొంటరు బిడ్డా. పరీక్షల అన్నీ గిండ్లకెల్లే వస్తయి.”

“ఏమొస్తయి? ‘పైథానుకు ఆ పేరెట్లొచ్చింది?’ అని ప్రశ్న. ‘పామును చూసి కాదు, టీవీల నవ్వించెటోళ్ల పేరు పెట్టిండ్రు’ అని జవాబు. ఐదు మార్కులు! పేరు తెలిస్తే పనొస్తదా?”

“ఐదు మార్కులంటే తక్కువనా?”

“ప్రోగ్రాములు సుత బట్టీ పట్టుమని అచ్చేసిండ్రు. లెక్క జర మార్చి అడిగితే దిక్కులు చూసుడే. థూ!”

“అసలు పుస్తకం ఒకపారి తెచ్చిన. ఎవ్వరు కొనలే, చెదలు పట్టింది. గీ గైడు చదివే నాలుగేండ్ల కింద ఈడి కాలేజీ పిల్ల ఒకామె జిల్లా ఫస్టొచ్చింది, ఎరుకేనా?”

“గా పిల్లను నేనే కాకా. కంప్యూటరు ముట్టకుంటనే ఫస్టొచ్చిన. సోమవారం నుంచి గదే కాలేజీల పైథాన్ పాఠం చెప్పాలె.”

ఆయన బల్ల మీది గైడు తీసి పక్కన పెట్టాడు.

“గా చెదలు పట్టిన పుస్తకం లోపల పడున్నది బిడ్డా.”

“చెదలు తినంగ మిగిలిందే ఇయ్యి.”