గాలి నింపిన గిటారు

"ప్రపంచంలో రాక్ పాట పుట్టిందే నా టైర్ల కొట్లో!" అని బల్ల చరిచాడు టైర్ల బావ. టీ కొట్టు అక్క కనుబొమ్మలు లేవడం చూసి, "సరే, ప్రపంచం సంగతి వదిలెయ్యండి, మన వీధిలో అనుకోండి," అని ఒక మెట్టు దిగాడు. దిగడానికి అతనికేం నామోషీ లేదు, దిగిన చోటే నిచ్చెన వేసుకుంటాడు.

ఎదురుగా దర్జీ, పక్కన డ్రమ్ములు కొట్టే బావమరిది. వాడి వైపు మాత్రం చూడకుండా మొదలుపెట్టాడు బావ.

"అప్పట్లో మా బ్యాండుకి ఏముందని? కొట్టు వెనక గది, అందులో పాత ట్యూబులు. పాడే పిల్ల గ్రీజు డబ్బా మీద కూర్చునేది, వీడేమో లారీ టైరు మీద కర్రలతో బాదేవాడు. నా గిటారు తీగ తెగితే సైకిలు బ్రేకు వైరు కట్టా! బ్యాండుకి స్టెప్నీ అని పేరు పెట్టిందీ నేనే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పక్కింటివాళ్ళు కొట్టడానికొచ్చారు," అన్నాడు దర్జీ.

"కొట్టడానికే వచ్చారు, గంతులేసి వెళ్ళారు! మొదటి షోకి మా చుట్టాలే. రెండోదానికి జనం కిటికీలకి వేలాడారు. ఆ తర్వాతిదానికి ఎదురు మేడ నడుం వంచి మరీ విన్నది!"

"మేడకి నడుమా?"

"ఉండక్కా, అసలు కథ ఇప్పుడే. మధ్యలో కరెంటు పోయింది. మైకులు చచ్చాయి, జనం ఉసూరుమన్నారు. నా గిటారు ఆగితేనా! మోగీ మోగీ బల్బులు వాటంతటవే వెలిగాయి. చివర్న ఒక్క తీగ లాగి వదిలానా, బయట పంచరై పడున్న బళ్ళన్నీ గాలి నింపుకుని లేచి నిలబడ్డాయి!"

"మరి నీ కొట్టు మూతపడాలిగా?" అంది అక్క.

"అందుకేగా, ఆ ముక్క మళ్ళీ ముట్టుకోలా!"

దర్జీకి టీ పొలమారింది. బావమరిది నవ్వలేదు. బెంచీ కింద నుంచి గిటారు తీసి బావ ఒళ్ళో పెట్టాడు.

"నీ కోసమే వచ్చాను బావా. పాడే పిల్లకి గొంతు పోయింది, మాట కూడా పెగలట్లేదు. రేపటి షో మానేస్తే ఆ హాలువాళ్ళు ఇంక మన మొహం చూడరు. అందుకే అందరం అనుకున్నాం, పాట బదులు నువ్వొక్కడివే అరగంట వాయిస్తావని. నా మోతలో నీ వాయింపు నాకెప్పుడూ సరిగ్గా వినబడలేదు. ఇప్పుడొకసారి వాయించు, కరువుతీరా వింటాను."

వాడి కళ్ళలో వెటకారం కోసం వెతికాడు బావ. ఉంటే ఎంత బాగుండేది! వెటకారానికి అతని దగ్గర బస్తాడు జవాబులున్నాయి. నమ్మకానికే ఒక్కటీ లేదు. వేలు తెగిందందామా, జ్వరమందామా అనుకున్నాడు. చెవులు కాలిపోతున్నాయి. గ్రీజు అంటిన చేతులు తుడుచుకున్న గుడ్డతోనే మళ్ళీ తుడుచుకున్నాడు.

"వినబడకపోవడం నీ చెవి తప్పు కాదురా," అన్నాడు చివరికి, గిటారుకే చెబుతున్నట్టు. "నాకు సరిగ్గా వాయించడం రాదు. మీరు నన్ను చేర్చుకుంది ఆ గది కోసమని నాకు తెలుసు. తప్పు వాయిస్తే మీ పరువు పోతుందని, స్టేజీ ఎక్కగానే గిటారు నుంచి స్పీకరుకెళ్ళే వైరు పీకేసి జేబులో దోపుకునేవాణ్ణి. రేపటి అరగంట నా మీద పెట్టకండిరా."

అక్క స్టవ్ తగ్గించింది.

"కరెంటు పోయినా నా గిటారు ఆగలేదన్నానే," అన్నాడు బావ, "అందులో అబద్ధం లేదు. దానికి కరెంటు ఎప్పుడు తగిలిందని?"