ఆడవాళ్ల ఫారం

నన్ను ఇక్కడందరూ డిక్షనరీ అక్క అంటారు, యాభై రెండేళ్లొచ్చాయి, కళ్లజోడు తుడుచుకోకుండా ఒక్క అక్షరం టైపు కొట్టను. అలాంటిదాన్ని పట్టుకుని ‘అసిస్టెడ్ అంటే సాయం చేయడమేగా అక్కా, అందులో తప్పేముంది’ అని అడుగుతావేంటే?

ఏదీ, ఆ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టు ఇలా తే. ‘అసిస్టెడ్’ కింద ఈ ఎర్ర గీత ఎవరు గీశారు? ఇంటర్వ్యూలోనా? ‘మీరు అసిస్టే కదా చేశారు, మాకు సొంతంగా చేసినవాళ్లు కావాలి’ అన్నారా?

బాగుంది! పదకొండేళ్లుగా ఈ పెట్టుడు కాళ్ల వర్క్‌షాపులో తెగిన ప్రతి కాలికీ అచ్చు తీసింది నువ్వు. ప్లాస్టర్ కలిపింది నువ్వు. కొత్త కాలు అరగదీసి, పట్టీ బిగించి, మనిషిని గోడ పక్కన నిలబెట్టి, ‘అడుగెయ్యండి బాబాయ్, పడరు, నేనున్నా’ అన్నది నువ్వు. పెద్ద డాక్టరుగారు ఏం చేశారు? ఆ మనిషి నడిచాక పక్కన నిలబడి ఫొటో దిగారు. మరి నువ్వు అసిస్ట్ చేసింది ఎవరికే? గోడకా?

అబ్బ, ఈ ఇంగ్లీషులో సాయానికి ఎన్ని మాటలో! మనిషిని చూసి మాట. నేల తుడిచే ఆమె హెల్ప్ చేస్తుంది. నువ్వు అసిస్ట్ చేస్తావు. డాక్టరుగారి భార్య సపోర్ట్ చేస్తుంది. ఆయన పుస్తకం మొదటి పేజీ చూడు, ఆవిడ సపోర్టే లేకపోతే ఆ పుస్తకం లేదట. ఎందుకుంటుందీ? సగం రాసింది ఆవిడేగా. నాకు తెలీదా, టైపు కొట్టింది నేను.

అదే పని మగాడు చేస్తే? హ్యాండిల్ చేస్తాడు. లీడ్ చేస్తాడు. ఇంటికెళ్లి గ్లాసు కడిగాడా, అప్పుడు మళ్లీ హెల్ప్! మా ఆయన పెళ్లైన కొత్తలో తన బనీను తనే ఉతుక్కుని, ‘నీకు హెల్ప్ చేశా’ అన్నాడు. బనీను నాదా? ఒళ్లు నాదా?

నవ్వకే. నువ్వు నవ్వితే నాకు మిగతాది చెప్పడం కష్టం.

ఆ ఉద్యోగం నీ పక్క బల్ల పొడుగాయనకి వచ్చిందటగా? రాక? ప్లాస్టర్ ఉండలు కట్టకుండా కలపడం నీ దగ్గర నేర్చుకున్నాడు, ఆర్నెల్లు పట్టింది మహానుభావుడికి. అతని సర్టిఫికెట్లో ఏముందో తెలుసా? ‘విభాగాన్ని లీడ్ చేశారు’ అని ఉంది. కాగితం మీద ఆ కాళ్లన్నీ అతనివే.

ఎక్కడికి లేస్తున్నావ్? డాక్టరుగారిని కడిగేస్తావా? కూర్చో. కూర్చోమంటున్నానా!

అది ఆయన రాయలేదే.

ఆయన చెప్తే నేను కొట్టాననుకున్నావా? ఆయన చదవను కూడా చదవరు. సోమవారం పొద్దున కాగితాలు ముందు పెడతాను, ఫోన్లో మాట్లాడుతూనే సంతకాలు గీకేస్తారు. కింద పేరు ఆయనది. పైన మాటలన్నీ నావి.

నా కంప్యూటర్లో రెండు ఫారాలున్నాయి. ఒకటి మగవాళ్లది, ఒకటి ఆడవాళ్లది. పేరూ తేదీ మారుస్తాను, అంతే. మగవాళ్లది పాత మేనేజరు తన కోసం తనే రాసుకున్నది. సిగ్గెరగని జన్మ, ఆకాశానికెత్తుకున్నాడు.

ఆడవాళ్లదా?

ఇరవై రెండేళ్ల కిందట నేనూ వేరేచోటికి పోదామనుకున్నాను. ‘నీది నువ్వే రాసుకురా, సంతకం పెడతా’ అన్నారు డాక్టరుగారు. ఈ ఆఫీసంతా నా ఒక్కదాని చేతిమీద నడిచే రోజులవి. ఆ సంగతే కొట్టాను. తెరమీద చూసుకుంటే భయమేసింది. అబ్బో, దీనికెంత పొగరు అనుకుంటారేమోనని. చెరిపేసి, ‘అసిస్టెడ్’ అని కొట్టాను. ఎవరు కొట్టమన్నారే నన్ను? గదిలో నేనూ, ఫ్యానూ.

నాకూ ఆ ఉద్యోగం రాలేదు. ఫారం మాత్రం మిగిలింది. తర్వాత నర్సుకి అదే. కాళ్లకి కసరత్తు చేయించే అమ్మాయికి అదే. నలభై మందికి పైనే. అందరినీ అదే మాటతో సాగనంపాను. ఇన్నేళ్లూ మగాళ్లని తిడుతూ కూర్చున్నా చూడు, నోరు నాకేం తక్కువ?

అలా చూడకే తల్లీ. తిట్టు, పోనీ.

ఇదిగో, కొత్తది. ఉద్యోగం అతనికి పోయిందని విన్న రోజే కొట్టాను. అచ్చు తీసింది, తయారుచేసింది, బిగించింది. ఈ పనులకి ఇంగ్లీషులోనూ మాటలున్నాయే, నేనే ఏనాడూ వెతకలేదు. పొద్దున సంతకమైంది. ఇదీ చదవలేదాయన. ఇంకోచోట ఖాళీ వస్తే పనికొస్తుంది. వస్తే.

ఏంటీ? పొడుగాయనదీ నేనే కొట్టానా అనా?

నేనే. మీ ఇద్దరివీ ఒకే మధ్యాహ్నం. అతనిది కొట్టాను. తర్వాత టీ తాగాను. తర్వాత నీది కొట్టాను.