పై కొమ్మ కాయలు

సిరిసిల్లలో ఆ వేసవి పొద్దున, మగ్గం నూలుతో అల్లిన చిక్కాన్ని వెదురు కర్రకు కట్టి, అత్తాకోడళ్లు పెరట్లో మామిడికాయలు తెంపుతున్నారు. అడవిలోంచి వచ్చిన నక్సలైట్ అన్నలకు బువ్వ పెట్టాడని ఆ ఇంటి కొడుకును జైల్లో వేసి రెండేళ్లయింది.

"పై కొమ్మకు అందుతలేదు బిడ్డా. ఇంకో కట్టె జోడించు."

"వద్దత్తమ్మా. గిది ఆయన తన ఎత్తుకు కోసుకున్న కట్టె. మంగళారం వస్తడు గద, ఆయనే తెంపుతడు."

"నిరుడు గిట్లనే అన్నవు. అన్నీ చిలుకలు తిన్నయి."

"నిరుడు బెయిలు రాలే. నిన్న అచ్చింది. వకీలు కాయితం చూపిచ్చిండు."

"నీ కండ్లతోని చూసినవా?"

"చూసిన. ముద్ర గూడ ఉంది."

"ముద్ర సక్కగ పడ్డదా?"

"అత్తమ్మా!"

"సరే తియ్యి. గా నూలు ఇటు తే, చిక్కం ఇంకింత గట్టిగ అల్లుత. వాడు మెల్లగ గుంజే రకం కాదు."