పాతగా కనపడే కొత్త పేక

పిల్లులదా? పిల్లుల బొమ్మలున్న పేక పట్టుకెళ్ళి నేనేం చేసుకోనండీ బాబాయి గారూ! ముద్దుగానే ఉన్నాయి, కాదనను. కిరీటం పెట్టుకున్న పిల్లి, కత్తి పట్టుకున్న పిల్లి... చూస్తే నవ్వొస్తోంది. నాకు నవ్వు రాకూడదు. అవతలి మనిషికి అసలే రాకూడదు.

అది తీసేయండి. ఆ నల్లది కూడా వద్దు. నల్లటి అట్ట మీద బంగారు గీతలు! బొమ్మేమిటో తెలుసుకునేసరికి కళ్ళు పీకేస్తున్నాయి. జోస్యం చెప్పే ఈ టారో కార్డులు డెబ్భై ఎనిమిది ఉంటాయని తెలుసండీ, ఆ మాత్రం తెలుసు. చూడగానే, ఎవరూ విడమరిచి చెప్పకుండానే, ఇది మంచి కార్డే అనిపించాలి. అలాంటి పేక ఇవ్వండి. నాలుగింటికి ఎదురు వరసలో ఉన్న కాఫీ షాపుకి వస్తుంది, నా చేత కార్డులు చూపించుకునే పిల్ల. ఇప్పుడే మూడు దాటింది.

ఏంటీ? కొనడం మొదటిసారా అనా? ఆ, మొదటిసారే. ఎవరితోనూ అనకండి. ఇరవై ఏళ్ళుగా కార్డులు చూస్తున్నదాన్ని నేను. అంటే... ఫోన్లో.

అలా చూడకండి. ఈ స్టూలు మీద కూర్చోనా?

ఫోన్లో జాతకాలు, కార్డులు చెప్పే కంపెనీలెండి మాది. పదకొండు మంది ఆడవాళ్ళం. మనిషికీ మనిషికీ మధ్య అట్ట గోడ, చెవులకి హెడ్‌సెట్లు. నేను చేరి నిజానికి రెండేళ్ళే. ఇరవై ఏళ్ళ అనుభవం అన్నది వాళ్ళు రాసిచ్చిన కాగితంలో మొదటి లైను. కార్డులు లేవండీ! ఒక్కరి దగ్గర ఒక్క కార్డు లేదు. కంప్యూటర్ తెర మీద కార్డు పేరొస్తుంది, కింద ఏం చెప్పాలో వస్తుంది. 'కలుపుతున్నాను తల్లీ, మనసులో అనుకో' అంటూ సెలవు చీటీల పుస్తకం మైకు దగ్గర పెట్టి బొటనవేలితో గరగరా తిప్పుతాం. మా సూపర్‌వైజరు సెలవులు ఎలాగూ ఇవ్వడు, ఆ పుస్తకం ఇందుకైనా పనికొచ్చింది.

నవ్వండి, నవ్వండి. నేనూ నవ్వేదాన్ని, ఈ పిల్ల ఫోను చేసేదాకా.

పిల్లంటే పిల్ల కాదులెండి, నలభై దగ్గర పడుతోంది. నాకు పిల్లే. బట్టలు కుడుతుంది, బడి పిల్లల యూనిఫాంలు. ఇంట్లో తనొక్కతే. ఫోను కలవగానే ముందు మిషను చప్పుడు ఆగుతుంది, తర్వాత 'అక్కా' అని వినపడుతుంది. మొదటి రోజే అక్కా అంది. మా ఇంట్లో నన్ను అలా పిలిచేవాళ్ళు లేరు. అసలు ఇంట్లో ఎవరూ లేరు, ఎవరు పిలుస్తారు?

ఆర్నెల్ల కిందట మెడ దగ్గర గడ్డ కనపడింది తనకి. డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు. 'మాట పోతుందేమో అక్కా, చేయించుకోనా, ఆగనా?' అని అడిగింది. మా తెర మీద ఏ కార్డు రానీండి, చివర్లో ఒకటే మాట ఉంటుంది. ఇప్పుడు సమయం బాగాలేదు, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ అడుగు అని. మళ్ళీ అడగాలి కదా మరి! అడగకపోతే కంపెనీ ఎలా నడుస్తుంది? చదివాను. ఆగింది.

మళ్ళీ అడిగింది. మళ్ళీ చదివాను.

పోయిన వారం మళ్ళీ ఫోను చేసింది. గొంతు మారిపోయింది బాబాయి గారూ! బొంగురు. నేను గుర్తుపట్టలేదు. 'ముద్ద దిగడం లేదక్కా' అంది. తెర వైపు చూడనే లేదు నేను. 'కార్డులు మారాయే తల్లీ, వెళ్ళు, రేపే వెళ్ళు' అన్నాను. నమ్మితేగా! 'ఇన్నాళ్ళూ ఒకటే మాట చెప్పిన కార్డులు ఇవాళ ఎందుకు మారతాయక్కా? నా మీద జాలిపడి అంటున్నావు. నీ చేతిలో చూస్తే గానీ నమ్మను' అంది. కంపెనీ వాళ్ళకి తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. అయినా నా సొంత నంబరు ఇచ్చాను, రమ్మన్నాను.

నిజం చెప్పేయమంటారా? ఎంత తేలిగ్గా అనేశారండీ! డాక్టరు మాట కంటే కార్డుల మాట గట్టిదని తన బుర్రకెక్కించింది ఎవరు? నేనే. ఇప్పుడు నేను అబద్ధాలకోరునని చెబితే నన్ను వదిలేస్తుంది గానీ కార్డుల్ని వదలదు. ఇంకో నంబరు తిప్పుతుంది. అక్కడా నాలాంటిదే ఒకతి కూర్చుని అదే లైను చదువుతుంది. అందుకని కార్డులే వెళ్ళమనాలి. ఇంకో దారి లేదు నాకు.

ఇదా? ఇదేదో బాగుంది. ప్రతి కార్డు మీదా మనుషులున్నారు, ఏం చేస్తున్నారో తెలుస్తోంది. ఇదిగో, గుర్రం మీద పసివాడు, వెనక సూర్యుడు, పూలు. దీన్ని చూసి ఎవరైనా ఆపరేషన్‌కి వెళ్ళొచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దీన్నే కొంటారా? అయితే దీన్నే ఇచ్చేయండి.

అమ్మో, ఇదేంటి? ఎముకల గూడు! ఇది తీసేయండి. గుండెలో మూడు కత్తులు దిగింది కూడా తీసేయండి. ఆ బురుజు కూలి మనుషులు పడిపోతున్నది కూడా. తను కూర్చుని డెబ్భై ఎనిమిదీ లెక్కపెడుతుందా ఏమిటి? ఆ? ఎముకల గూడంటే చావు కాదా? మార్పా? మెడలో గడ్డ పెట్టుకొచ్చిన మనిషికి ఈ బొమ్మ చూపించి 'మార్పు' అని చెప్పి చూడండి మీరు, ఏమంటుందో!

కానీ ఇంతలా మెరిసిపోతోందేంటండీ? ఇరవై ఏళ్ళు వాడిన పేక ఇలా ఉంటుందా? అంచులు మాసిపోవాలి, మూలలు విరగాలి. ఆగండి, అదిగో, అద్దాల బల్ల మీద అందరూ చూడ్డానికి పెట్టారే, అదీ ఇదే కదా? పదిమంది చేతులు పడి ఎంత చక్కగా నలిగిందో! అది ఇవ్వండి నాకు. అమ్మేది కాదా? కొత్తదాని ధరే తీసుకోండి బాబాయి గారూ, కొత్తది అక్కడ పెట్టుకోండి. మీకేం నష్టం?

కలపడం కూడా చూపించండి. ఇలాగా? అయ్యో, జారిపోతున్నాయి. నా చేతికి పెద్దవి ఇవి. ఇంకోసారి చూపించండి... మళ్ళీ కింద పడ్డాయి. సెలవు చీటీలైతే కళ్ళు మూసుకుని తిప్పేదాన్ని.

అన్నట్టు, మొదటి పేక ఎవరైనా కానుకగా ఇవ్వాలట, సొంతంగా కొనుక్కుంటే నిజం పలకదట కదా? ఉత్త మాటేనా? పోనీలెండి. నిజం పలకకపోతేనే నాకు నయం.

ఆగండాగండి, ఫోను. తనే. కాసేపు ఏమీ అనకండి.

చెప్పు తల్లీ... ఆ, బయల్దేరాను. కార్డులు నా దగ్గరే ఉన్నాయి, గుడ్డలో చుట్టి పెట్టుకున్నాను... అదేంటి, వద్దా?... ఎప్పుడెళ్ళావు?... ఎల్లుండే?... ఏ ఫారం?... ఏమని రాశావు?... లేదు, లేదు, కోపం కాదే. గొంతు అలా ఉందంతే. వస్తాను. నువ్వు మెల్లిగా రా. మాట్లాడకు, ఇంక పెట్టెయ్.

కాసిని మంచినీళ్ళిస్తారా?

కార్డులు అక్కర్లేదట. పొద్దున్నే హాస్పిటల్‌కి వెళ్ళి ఆపరేషన్‌కి ఒప్పుకొచ్చేసిందట. 'ఆ రోజు వెళ్ళమంటున్నప్పుడు నీ గొంతులో ఏడుపు వినపడిందక్కా, కార్డులు ఏమన్నా సరే, నీ మాటే వింటాను' అంటోంది. గడ్డ బాగా పెరిగిందట. అయినా ఎల్లుండే తీస్తారట. మాట నిలుస్తుందని మాత్రం చెప్పలేమన్నారట.

సంతకానికి సొంతవాళ్ళు ఒకరు కావాలట. సంబంధం అన్నచోట 'అక్క' అని రాసేసింది. పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలింది, ఇంటిపేరు తెలియక. తనకి తెలిసిన పేరు నాది కాదండీ. కంపెనీ పెట్టింది, ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళది. నాకు ముందు కూర్చున్నామెదీ అదే పేరు.

పేక లోపల పెట్టేయండి.

మీకు ఒకటి దాచాను. మూడో నెలలోనే తను బయల్దేరింది. సంచి సర్దుకుని, మిషను మీద గుడ్డ కప్పి, 'వెళ్ళొస్తానక్కా' అని చెప్పడానికే ఫోను చేసింది. అడగడానికి కాదు. ఆ ఒక్క రోజు తెర మీద మంచి కార్డే వచ్చింది, కింద ఆగమనే మాట కూడా లేదు. ధైర్యంగా వెళ్ళమని చదివేస్తే సరిపోయేది, నన్ను అడిగేవాళ్ళు కూడా లేరు. నేను ఆ చీటీల పుస్తకం తిప్పి, 'బురుజు కూలింది తల్లీ, ఆగు' అన్నాను.

కంపెనీ అనమనలేదు. నేనే అన్నాను. బాగైపోతే ఇంక నాకెందుకు చేస్తుంది అనుకున్నాను. రోజుకి ఎనభై మంది ఫోను చేస్తారండీ, 'నువ్వు తిన్నావా అక్కా' అని అడిగేది తనొక్కతే. అదీ సంగతి. గుడ్డ తీసి మళ్ళీ మిషను ముందు కూర్చుంది. ఆ చప్పుడు విన్నాను నేను. విని సంతోషించాను.

ఇదిప్పుడు తనకి ఎప్పుడు చెప్పాలి? చెప్పండి, ఇంతమందిని చూస్తుంటారు కదా. సంతకానికి ముందు చెబితే లేచి వెళ్ళిపోతుంది, ఆపరేషన్ ఆగిపోతుంది. అందుకని సంతకం పెట్టేస్తాను, నా అసలు పేరుతోనే. ఆపరేషన్ అయ్యాకే చెబుతాను.

తర్వాత మాత్రం ఏముందిలెండి. అప్పటికి నన్ను తిట్టడానికి తనకి గొంతుంటేగా.