రగ్గులో మూడో వంతు

పేరు లింబాద్రి. తండ్రి గంగన్న. వయసు నలభై ఆరు. స్వస్థలం జగిత్యాల జిల్లా. వృత్తి స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు కట్టే పని. ప్రస్తుత నివాసం గల్ఫ్‌లో, హిద్ పట్టణంలోని కంపెనీ క్యాంపు, పద్నాలుగో గది. నేను తెలుగులో చెప్పగా అనువాదకుడు సోమరాజు పోలీసు అధికారి గారికి వినిపించాడు.

నిరుడు జూలై, ఆగస్టు నెలల్లో మా క్యాంపులో ఏసీలు నలభై ఒక్క రోజులు పనిచేయలేదు. అరవై మూడు మందిమి తడి లుంగీలు కప్పుకుని ఆరుబయట పడుకున్నాము. అందరి తరఫున ఒకే కేసు, ఒక్కరి సంతకం చాలునని హూరాలోని వకీలు గారు సెలవిచ్చారు. మా గదిలో ఉండే దేవేందర్ సంతకం చేశాడు. మిగతా అరవై రెండు పేర్లు జాబితాలో చేరాయి. ఏది వస్తే దానిలో మూడో వంతు ఫీజని ఒప్పందం.

ఈ ఏడు మే నెలలో మమ్మల్ని అడగకుండానే రాజీ కుదిరింది. మా వకీలు గారికి ఖర్చుల కింద కంపెనీ నగదు ఇచ్చింది. మాకు మనిషికొక రగ్గు ఇచ్చింది. ఏసీ లేనందుకు రగ్గు. నాణ్యమైనదే, దాని మీద పులి బొమ్మ ఉంది. రాజీ పత్రంలో దాని వెల పద్దెనిమిది దీనార్లని రాశారు. వారం తిరగకముందే, మనిషికి ఆరు దీనార్లు ఫీజు కట్టాలని వకీలు గారి నోటీసు వచ్చింది.

"ఇంటికి పంపుదమనుకున్న కాకా. పులి రగ్గొస్తదని మా అమ్మ వాడకట్టంత చెప్పుకున్నది" అన్నాడు దేవేందర్.

"పంపు. ముందుగాల వకీలు వాటా తియ్యి" అన్నాను.

కత్తెర నాది. టేపు నాది. కొలత నాది.

జూన్ పన్నెండు, గురువారం సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలకు అరవై మూడు ముక్కలను ఆరు సంచుల్లో వకీలు గారి ఆఫీసుకు చేర్చాను. తలుపు నెట్టలేదు. బెల్లు కొట్టాను. మేనేజరు శ్రీనివాసరాజు గారు తీశారు.

"ఏంటయ్యా ఇది? ఆఫీసనుకున్నావా, పాతగుడ్డల కొట్టనుకున్నావా?"

"కొత్తయే సార్. మీ వాటా. లెక్క చూస్కొని రసీదియ్యుండ్రి."

"డబ్బులడిగితే గుడ్డలు తెస్తావా?"

"మేం గూడ పైసలే అడిగినం సార్. రగ్గులొచ్చినయి."

రసీదు ఇచ్చేవరకు కదలనన్నాను. ఆయన పోలీసులకు ఫోన్ చేశారు.

ఇరవై ఒక్క నిండు రగ్గులు ఇస్తే సరిపోయేది కదా అని అధికారి గారు అడిగారు. ఆ ఇరవై ఒక్కరు ఎవరో నేను నిర్ణయించలేను. కేసు ఒక్కటే అయినా చెమట ఎవరిది వారిదే. పులి తల వకీలు గారి వాటాలోకి పోయిన మాట నిజం. మాకు నడుమూ తోకా మిగిలాయి. తల ఎవరికి చెందాలో ఒప్పందంలో లేదు.

కక్షిదారులకు రగ్గు వచ్చిన కేసులో వకీలు ఫీజు కూడా రగ్గే కావాలని, రాజీకి ముందు జాబితాలోని ప్రతి మనిషినీ అడగాలని నా మనవి. అలా జరిగిన నాడు రాజీల్లో రగ్గులు రావని నా నమ్మకం.

ముక్కలు వెనక్కి తీసుకుని, క్షమాపణ పత్రం మీద సంతకం చేస్తే వకీలు గారి ఫిర్యాదు ఉండదని, లేకపోతే ఆగస్టులో నా వీసా పొడిగించబోమని కంపెనీ చెప్పి పంపింది.

"పెట్టేసెయ్యండి లింబాద్రి గారూ. ఒక్క సంతకంతో పోయేదానికి ఇంత గొడవెందుకండీ" అన్నాడు సోమరాజు.

"ఒక్క సంతకంతోనే గిదంత అయింది భాయ్."

ఈ వ్యవహారం మొత్తంలో నా సంతకం అడిగిన కాగితాలు రెండే: క్షమాపణ పత్రం, ఈ వాంగ్మూలం. ఇందులోని ప్రతి మాటా చదివించుకుని విన్నాను. జరిగింది జరిగినట్టే ఉంది. అందుచేత రెంటిలో దీని మీదనే చేస్తున్నాను.

(సంతకం) లింబాద్రి